యాంకర్ టెక్స్ట్ సహజంగా ఉంచడం ఎలా: ఒక పచ్చళ్ల సైటు ఉదాహరణగా, మొదటి నుంచి చివరి దాకా

"యాంకర్‌లో కీవర్డ్ ఎంత శాతం ఉండాలండీ?" ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. వాట్సాప్‌లో వస్తుంది, ఫోన్‌లో వస్తుంది, ఒకసారి పెళ్లి భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడి ఉండగా కూడా వచ్చింది. శాతం లేదు. గూగుల్ అలాంటి లెక్క ఏదీ ఎప్పుడూ బయటపెట్టలేదు. "బ్రాండ్ పేరు ఇంత, కీవర్డ్ ఇంత" అని ఎవరైనా పట్టిక చూపిస్తే అది వాళ్ల సొంత అంచనా, అంతే.

యాంకర్ టెక్స్ట్ అంటే లింకుగా కనిపించే మాటలు, మనం నొక్కేవి. కీవర్డ్ అంటే జనం గూగుల్‌లో టైప్ చేసి వెతికే మాట. అవతలి పేజీలో ఏముందో పాఠకుడికీ గూగుల్‌కీ చెప్పేది ఆ మాటలే. సొంత సైటులో అవి మన చేతిలో ఉంటాయి కాబట్టి స్పష్టంగా రాయాలి. బయటివాళ్లు రాసేటప్పుడు మన చేతిలో ఉండవు, ఉండకూడదు కూడా. ఈ తేడా మర్చిపోయి, లోపల బద్ధకంగా "ఇక్కడ క్లిక్ చేయండి" అని రాసేసి, బయట మాత్రం డబ్బులిచ్చి కీవర్డ్‌లు పెట్టించుకునేవాళ్లే ఎక్కువ. అంటే సరిగ్గా తిరగేసి చేస్తున్నారన్నమాట.

ఉదాహరణకి మా పిన్నివాళ్ల పచ్చళ్ల సైటునే తీసుకుంటాను. తెనాలిలో ఉంటారు. వేసవిలో ఆవకాయ, మాగాయ పెడతారు, మిగతా రోజుల్లో గోంగూర, పండుమిర్చి. సైటు చూసుకునే పని నా నెత్తిన పడింది. కింద చెప్పే తప్పుల్లో సగం నేను చేసినవే. చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్న మాటల్ని లింకు అనుకుని చదవండి.

## 1. ముందు లెక్క తీయండి, తర్వాతే దిద్దండి

చాలామంది ఎడిటర్ తెరిచి కనిపించిన లింకునల్లా మార్చేయడం మొదలుపెడతారు. గంట గడిచేసరికి ఏది మార్చారో ఏది మిగిలిందో వాళ్లకే గుర్తుండదు. ముందు ఒక షీట్ తెరవండి. అయిదు కాలమ్‌లు చాలు: లింకు ఏ పేజీలో ఉంది, ఏ పేజీకి వెళ్తోంది, లింకు మాట ఏంటి, దాన్ని రాసిందెవరు, ఇప్పుడు ఏం చేయాలి.

బయటి లింకుల మాటలు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైటు ఉన్నవాళ్లకి గూగుల్ ఇచ్చే టూల్) ఉచితంగానే దొరుకుతాయి. ఎడమ మెనూలో లింక్స్ నొక్కితే టాప్ లింకింగ్ టెక్స్ట్ అనే జాబితా వస్తుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక చిక్కుంది: ఏ మాట ఏ సైటు నుంచి వచ్చిందో ఆ జాబితాలో ఉండదు. పక్కనే ఉన్న టాప్ లింకింగ్ సైట్స్ తెరిచి, అనుమానంగా ఉన్నవాటిలోకి వెళ్లి కళ్లారా చూసుకోవాల్సిందే.

లోపలి లింకుల విషయంలో సెర్చ్ కన్సోల్ ఏ పేజీకి ఎన్ని ఉన్నాయో చెబుతుంది కానీ మాటలు చూపించదు. వాటికి స్క్రీమింగ్ ఫ్రాగ్ లాంటి క్రాలర్ (సైటులో పేజీలన్నీ తిరిగి లింకుల జాబితా తీసే సాఫ్ట్‌వేర్) వాడండి, ఉచిత వెర్షన్ 500 యూఆర్ఎల్‌ల (పేజీ చిరునామాల) దాకా తిరుగుతుంది, చిన్న సైటుకి అది చాలు. మీకున్నది ముప్పై నలభై పేజీలే అయితే అదీ అక్కర్లేదు, ఒక ఆదివారం పొద్దున టీ పెట్టుకుని కూర్చుంటే చేత్తోనే అయిపోతుంది.

ఇంకో తయారీ ఉంది, దీన్ని ఎవరూ చేయరు. ముఖ్యమైన ప్రతి పేజీకీ ఒక పిలుపు పేరు రాసుకోండి. ఫోన్‌లో ఎవరికైనా ఆ పేజీ గురించి చెప్పాల్సి వస్తే ఏమంటారో అది. "ఆవకాయ కొనే పేజీ", "ఆవకాయ ఇంట్లో పెట్టుకునే విధానం", "అమెరికాకి పంపే ఛార్జీలు". పిలుపు పేరు తట్టలేదంటే ఆ పేజీ దేని గురించో మీకే తేలలేదన్నమాట, లింకు మాట సంగతి తర్వాత చూద్దాం.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

☐ సెర్చ్ కన్సోల్ నుంచి లింకు మాటల జాబితా దించుకున్నారా
☐ లోపలి లింకులన్నీ షీట్‌లోకి ఎక్కాయా
☐ ముఖ్యమైన పేజీలకు పిలుపు పేర్లు రాశారా
☐ గతంలో ఎవరికైనా లింకుల కోసం డబ్బులిచ్చి ఉంటే ఆ వివరాలు, మెయిల్స్ దొరికాయా

## 2. లింకుల్ని మూడు కుప్పలు చేయండి

షీట్‌లో "రాసిందెవరు" అనే కాలమ్ పెట్టమన్నది ఇందుకే.

మొదటి కుప్ప, మన సైటు లోపల మనమే రాసుకున్నవి. రెండోది, బయటివాళ్లు వాళ్లకి తోచి రాసినవి. మూడోది, బయటి సైట్లలోనే ఉన్నా మనం పెట్టుకున్నవి లేదా డబ్బిచ్చి పెట్టించుకున్నవి: గెస్ట్ పోస్టులు (వేరేవాళ్ల సైటులో మనం రాసే వ్యాసాలు), ప్రెస్ రిలీజ్‌లు, డైరెక్టరీలు, కామెంట్లు లాంటివి.

మొదటి కుప్పలో కీవర్డ్ ఉన్నా భయం లేదు. ఆవకాయ పేజీకి "ఆవకాయ" అని లింకివ్వక ఇంకేమని ఇస్తాం. రెండో కుప్ప జోలికి వెళ్లొద్దు. ప్రమాదమంతా మూడో కుప్పలోనే ఉంటుంది. మన సైటు గురించి ఒకే పొడుగాటి కీవర్డ్‌ని, ఒకదానితో ఒకటి సంబంధం లేని పాతిక సైట్లు, అక్షరం పొల్లుపోకుండా రాశాయంటే అది దానంతటదే జరిగిందని ఎవరు నమ్ముతారు?

మా పిన్ని సైటుకి అదే జరిగింది. నేను రాకముందు ఒక ఏజెన్సీవాళ్లు నెలకింత అని తీసుకుని లింకులు పెట్టించారు. జాబితా తెరిచి చూస్తే మొదటి వరసలోనే "బెస్ట్ ఆంధ్రా పచ్చళ్లు ఆన్‌లైన్". మొబైల్ కవర్ల సైటులో అదే, పర్సనల్ లోన్ల సైటులో అదే, క్రికెట్ స్కోర్ల సైటులోనూ అదే. పిన్నికి చూపిస్తే "లోన్ తీసుకునేవాడికి పచ్చడెందుకురా?" అంది. గూగుల్‌కి వచ్చే అనుమానం కూడా సుమారుగా ఇదే.

## 3. సైటు లోపలి లింకులు రాసే పద్ధతి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి, ఎందుకంటే ఫలితం మొత్తం మన చేతిలో ఉండేది ఇక్కడ మాత్రమే.

ముందు వాక్యం రాయండి, తర్వాత లింకు వేయండి. లింకు కోసం వాక్యం కల్పించొద్దు. రాయాల్సింది రాసుకుంటూ వెళ్లి, పూర్తయ్యాక వెనక్కి వచ్చి, వేరే పేజీని సహజంగా ప్రస్తావించిన చోట ఉన్న మాటల్నే ఎంచుకుని లింకు చేయండి. ఈ ఒక్క వరస పాటిస్తే సగం సమస్యలు అసలు పుట్టవు.

లింకు మాట ఒక్కటే విడిగా చదవండి. చుట్టూ ఉన్న వాక్యాన్ని మూసేసి లింకు మాత్రమే చూస్తే ఎక్కడికి వెళ్తుందో తెలియాలి. గూగుల్ తన సొంత మార్గదర్శకాల్లో చెప్పే పరీక్ష కూడా ఇదే.

మొదట మా సైటులో ఉన్న వాక్యం: "ఆవకాయ ముక్కలు మెత్తబడకుండా ఉండాలంటే ఏం చేయాలో తెలుసుకోవడానికి [ఇక్కడ క్లిక్ చేయండి]."

అది చూసి నేను దిద్దిన తీరు: "[ఆవకాయ ముక్కలు మెత్తబడకుండా ఉండాలంటే ఏం చేయాలి, ఏ కాయలు కొనాలి, ఎంత ఉప్పు వేయాలి అనే పూర్తి వివరాలు] చదవండి." ఇదీ తప్పే. రెండు లైన్ల పొడుగున నీలం రంగు పరుచుకుంది. ఇందులో ముఖ్యమైన మాట ఏదో పాఠకుడికీ తెలియదు, గూగుల్‌కీ తెలియదు.

చివరికి నిలిచింది: "కాయ ముదురుగా, పీచుతో ఉంటే [ఆవకాయ ముక్కలు మెత్తబడవు], ఉప్పు సరిపడా పడినప్పుడే సుమా." వాక్యం తన పని తాను చేసుకుంటోంది, లింకు దాని మీద కూర్చుంది. కొలత అడిగితే ఒక పేరు లేదా ఒక చిన్న మాట, రెండు నుంచి అయిదు పదాలు. ఇదీ రూలేం కాదు, నా చేతికి అలవాటైన కొలత.

ఒకే మాట రెండు పేజీలకు ఇవ్వొద్దు. "ఆవకాయ" అనే లింకు ఒకచోట కొనుక్కునే పేజీకి, ఇంకోచోట తయారీ విధానానికి వెళ్తుంటే పాఠకుడు విసుక్కుంటాడు. [ఆవకాయ కిలో సీసా] ఒకటి, [ఇంట్లో ఆవకాయ పెట్టే విధానం] ఇంకొకటి. పిలుపు పేర్లు రాసుకున్నది ఇందుకే, షీట్‌ని లింకు మాటల వరసలో అమర్చి చూస్తే ఇలాంటివన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

దీన్ని తిరగేసి, ఒకే పేజీకి రకరకాల మాటలు వాడితే మాత్రం తప్పు లేదు. అలాగని పర్యాయపదాల జాబితా పెట్టుకుని వంతులవారీగా తిప్పక్కర్లేదు. ఏ వాక్యంలో ఏ మాట వస్తే అది.

లింకుల్ని పక్కపక్కనే గుచ్చొద్దు. "మా [ఆవకాయ] [మాగాయ] [గోంగూర] [పండుమిర్చి] రుచి చూడండి" అంటే ఫోన్‌లో వేలు ఒకదాని మీద పెడితే ఇంకోటి తెరుచుకుంటుంది. మధ్యలో మాటలు ఉండాలి. లింకుకి అటూ ఇటూ ఉన్న మాటలు కూడా సందర్భం చెబుతాయి, వాటిని తీసేస్తే మిగిలేది ధరల పట్టీ.

బొమ్మకి లింకు ఇస్తే ఆల్ట్ టెక్స్టే (బొమ్మలో ఏముందో చెప్పేలా కోడ్‌లో రాసే మాటలు) యాంకర్. పచ్చడి సీసా ఫొటో నొక్కితే పేజీ తెరుచుకుంటోందనుకోండి, గూగుల్ ఆ ఫొటోకి మీరు రాసిన ఆల్ట్ మాటల్నే లింకు మాటగా తీసుకుంటుంది. మా సైటులో అవన్నీ కెమెరా ఇచ్చిన ఫైలు నంబర్లే. "గోంగూర పచ్చడి అరకిలో సీసా" అని మార్చడానికి ఒక పూట పట్టింది. అందులోకి ధర, ఊరి పేరు, "బెస్ట్", "ఒరిజినల్" అన్నీ కూరకండి.

"ఇంకా చదవండి" బటన్లు. ఇవి థీమ్‌తో (సైటుకి వాడే రెడీమేడ్ డిజైన్‌తో) పాటే వస్తాయి, ప్రతి కార్డు కిందా ఉంటాయి. కార్డు శీర్షిక కూడా అదే పేజీకి లింకై ఉంటే పెద్దగా నష్టం లేదు. శీర్షికకి లింకు లేకపోతే ముందు అది పెట్టండి, కుదిరితే బటన్ తీసేయండి.

మెనూలు, ఫుటర్ (పేజీ అడుగు భాగం). "మా గురించి", "సంప్రదించండి" అన్నవి అలాగే ఉండనివ్వండి. మెనూలో ఒకే మాట ప్రతి పేజీలోనూ కనిపిస్తుందే అని భయపడేవాళ్లున్నారు. మెనూ అంటేనే అది. ఫుటర్‌లో మాత్రం "విజయవాడలో పచ్చళ్లు, వరంగల్‌లో పచ్చళ్లు, ఖమ్మంలో పచ్చళ్లు" అని నలభై ఊళ్ల పేర్లు పేర్చి ఉంటే తీసేయండి. ఆ లింకుల వెనక ఊరి పేరు మాత్రమే మార్చిన నలభై పేజీలు ఉంటే వాటినీ తీసేయండి. అలాంటి పేజీలకు గూగుల్ స్పామ్ విధానాల్లో డోర్‌వే అని పేరే ఉంది.

లింకు నిజంగా లింకేనా? కొన్ని థీమ్‌లలో బటన్‌కి జావాస్క్రిప్ట్ తగిలించి వదిలేస్తారు. మనం నొక్కితే పేజీ తెరుచుకుంటుంది, కానీ లింకు వేసే a ట్యాగ్‌లో హెచ్‌రెఫ్ (href, వెళ్లాల్సిన చిరునామా) లేకపోతే గూగుల్ దాన్ని నమ్మకంగా లింకుగా గుర్తించలేదు. తేల్చుకోవడం తేలికే: మౌస్ కుడి బటన్ నొక్కి "కొత్త ట్యాబ్‌లో తెరువు" అన్నది వస్తే లింకు, రాకపోతే కాదు.

## 4. తెలుగులో రాసేటప్పుడు వచ్చే ప్రత్యేకమైన తలనొప్పులు

ఇంగ్లిష్ గైడ్‌లు చదివి మన సైట్లకి అతికించేవాళ్లు తడబడేది ఇక్కడే.

విభక్తి ఊడగొట్టొద్దు. కీవర్డ్ టూల్‌లో "గోంగూర పచ్చడి" అని ఉంది కాబట్టి యాంకర్‌లోనూ సరిగ్గా అలాగే ఉండాలని పట్టుబట్టి, "మీరు [గోంగూర పచ్చడి ఆన్‌లైన్ హైదరాబాద్] కోసం చూస్తున్నారా" అని రాస్తారు. తెలుగు వచ్చినవాడెవడూ అలా మాట్లాడడు. "హైదరాబాద్‌లో ఉన్నా [గోంగూర పచ్చడిని ఇంటికి తెప్పించుకోవచ్చు]" అనండి. పచ్చడికి, పచ్చడిలో, పచ్చళ్ల, పచ్చడితో: వాక్యాన్ని బట్టి మాట దానంతటదే మారుతుంది. ఇంగ్లిష్‌వాళ్లు కష్టపడి తెచ్చుకోవాల్సిన వైవిధ్యం మనకి వ్యాకరణమే ఇచ్చేస్తోంది, దాన్ని మనమే చెరుపుకోవడం ఎందుకు.

లింకుని పదం చివరిదాకా వేయండి. [పచ్చడి]కి అని ప్రత్యయాన్ని బయట వదిలేస్తే సగం కత్తిరించినట్టు ఉంటుంది. విభక్తితో సహా లోపలికి తీసుకోండి. అన్నిటికంటే చెడ్డది అక్షరం మధ్యలో ట్యాగ్ పడటం, గుణింతం ఒకపక్కా హల్లు ఒకపక్కా పడి కొన్ని ఫోన్లలో చుక్కల సున్నాలు కనిపిస్తాయి.

ఆటోమేటిక్ లింకు ప్లగిన్‌లు. ఇది నా ఘనకార్యం, కాస్త వివరంగానే చెబుతాను. ఒక ప్లగిన్ పెట్టాను. దానికి మాటా పేజీ చెబితే సైటంతా వెతికి ఆ మాట కనిపించినచోటల్లా లింకు వేస్తుంది. గుంటూరు కారం పొడి పేజీ కోసం "కారం" అని ఇచ్చాను. సాయంత్రానికి "మీరు చెప్పిన ప్ర[కారం] ఆర్డర్ పంపాము", "అధి[కారం]", "కాయ ఆ[కారం]" అని సైటంతా కారం చల్లినట్టు అయింది. పూర్తి పదాలే పట్టుకోమని చెప్పే సెట్టింగ్ ఉంది, కానీ అది ఇంగ్లిష్ పదాల హద్దుల కోసం చేసింది, తెలుగు దగ్గర పని చేయలేదు. పైగా ఒకే పేరాలో "ఆవకాయ" అయిదుసార్లు వస్తే అయిదింటికీ లింకు. ప్లగిన్ తీసేశాను, అప్పటి నుంచి చేత్తోనే.

ఒకే మాటకి పలు రూపాలు. ఆంధ్రావైపు పచ్చడి, ఊరగాయ అంటే తెలంగాణలో తొక్కు అంటారు. బయటి నుంచి వచ్చే లింకుల్లో "మామిడికాయ తొక్కు" అని కనిపిస్తే సంతోషించండి. ఎవరో నిజమైన మనిషి తన నోటి మాటలో రాశారన్నమాట. మీ సైటులో మీ ఇంటి మాటే వాడండి, అందరి మాటలూ ఒకే లింకులో కుక్కొద్దు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసి వెతికేవాళ్లు ఎక్కువే కానీ, తెలుగు వాక్యం మధ్యలో వాళ్ల కోసం ఇంగ్లిష్ అక్షరాల లింకు ఇరికిస్తే చదివేటప్పుడు రాయి తగిలినట్టు ఉంటుంది. ఆ రూపాన్ని పేజీ చిరునామాలో పెట్టుకోండి, అక్కడ బాగా కుదురుతుంది.

చిరునామా తెలుగులో ఉంటే. జనం చాలాసార్లు యూఆర్ఎల్‌నే కాపీ చేసి అతికిస్తారు, అదీ సహజమైన లింకే. తెలుగు చిరునామాని అలా కాపీ చేస్తే ప్రతి అక్షర సంకేతం శాతం గుర్తులతో కూడిన తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. "ఆవకాయ" అన్నది అయిదు సంకేతాలు, అంటే నలభై అయిదు గుర్తులు. వాట్సాప్‌లో చూస్తే వైరస్ లింకులా ఉంటుంది, నొక్కడానికి జనం జంకుతారు. కొత్త సైటైతే చిరునామాలు ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నవిగా పెట్టండి. పాతవి మార్చాలనుకుంటే పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) పెట్టకుండా ముట్టుకోవద్దు.

కింది గీత. లింకు కింద పడే గీత మన వత్తుల్ని కోసేస్తుంది. "పచ్చళ్లు" అన్న మాటలో చ వత్తు, ల వత్తు గీతలో కలిసిపోయి చదవలేం. సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని తీర్చే కోడ్) టెక్స్ట్ అండర్‌లైన్ ఆఫ్‌సెట్ అనే సెట్టింగ్ ఉంది, దానితో గీతని కొంచెం కిందికి దింపండి. ర్యాంకుకీ దీనికీ సంబంధం లేదు, చదివేవాళ్ల కళ్లకి సుఖం.

## 5. బయటి నుంచి వచ్చే లింకులు

ఇక్కడ చేయాల్సిన పని తక్కువ, చేయకూడనివి ఎక్కువ.

ఎవరూ చెప్పకుండా జనం లింకిస్తే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. సైటు పేరు, పేరులో అక్షరదోషం, ఉత్త యూఆర్ఎల్, "వీళ్ల దగ్గర", "ఈ వీడియోలో చెప్పినట్టు", అక్కడక్కడా "ఆవకాయ". చిందరవందరగా ఉంటుంది. ఆ చిందరవందరే సహజం. దాన్ని సర్దబోతే చెడిపోతుంది.

ఒక అమ్మాయి వంటల గురించి రాస్తూ పిన్నికి ఫోన్ చేసింది. "ఆంటీ, మీ సైటు లింకు పెడుతున్నా, ఏమని రాయమంటారు?" పిన్ని ఫోన్ నా చేతిలో పెట్టింది. కీవర్డ్ నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసి "మీకెలా తోస్తే అలా రాయండమ్మా, సైటు పేరు మాత్రం ఇదీ" అన్నాను. ఆ అమ్మాయి రాసింది: "[తెనాలి పిన్నిగారి సీసా] మూత తీయగానే మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది." ఏ టూల్‌లో వెతికినా దొరకని మాట అది.

మీరే గెస్ట్ పోస్టు రాస్తుంటే రచయిత పరిచయంలో మీ పేరు, సైటు పేరు చాలు. వ్యాసం మధ్యలో లింకిస్తే అక్కడ పాఠకుడికి నిజంగా పనికొచ్చే పేజీకే ఇవ్వండి. గెస్ట్ పోస్టుల్లో, ప్రెస్ రిలీజ్‌ల్లో కీవర్డ్‌లు కూరిన లింకులు పంచడం గూగుల్ స్పామ్ విధానాల్లో పేరు పెట్టి చెప్పిన తప్పు. విడ్జెట్‌లలో దాచి పెట్టినవీ, థీమ్ ఫుటర్‌లలో ఊరంతా పంచినవీ అదే పద్దు కింద వస్తాయి. వెబ్‌సైట్లు కట్టేవాళ్లు కస్టమర్ సైటు అడుగున "బెస్ట్ వెబ్ డిజైన్ కంపెనీ" అని లింకు వేసుకుంటారు చూశారా, అదీ ఇందులోకే వస్తుంది. కంపెనీ పేరు రాసి నోఫాలో (ఈ లింకుని మా సిఫారసుగా లెక్కేయొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) పెడితే గొడవ ఉండదు.

డబ్బులిచ్చినా, ఉచితంగా పచ్చడి పంపి రాయించుకున్నా ఆ లింకు కోడ్‌లో రెల్ అనే చోట స్పాన్సర్డ్ (ప్రతిఫలం ఇచ్చి పెట్టించిన లింకని చెప్పే గుర్తు) లేదా నోఫాలో ఉండాలి. కామెంట్లలో జనం పెట్టే లింకులకు యూజీసీ (సైటుకి వచ్చినవాళ్లు రాసినదని చెప్పే గుర్తు) ఉంది. స్పాన్సర్డ్, యూజీసీ రెండూ 2019 సెప్టెంబర్‌లో వచ్చాయి, అంతకుముందు అన్నిటికీ నోఫాలో ఒక్కటే. "నోఫాలో పెడితే ఇంక లాభమేంటి?" అని అడుగుతారు. పచ్చడి కొనేవాడు నోఫాలో చూసి ఆగిపోడు కదా.

☐ అవతలివాళ్లకి లింకు మాట నేను పంపలేదు
☐ డబ్బు గానీ సరుకు గానీ చేతులు మారితే స్పాన్సర్డ్ లేదా నోఫాలో ఉంది
☐ ఆ సైటు చదివేవాళ్లు మా పేజీకి వస్తే వాళ్లకి ఉపయోగం ఉంటుంది

మూడోదానికి "లేదు" అని జవాబొస్తే ఆ లింకే వద్దు.

## 6. దిద్దబోయి చేసే తప్పులు

వెబ్‌సైట్ల గురించి నాలుగు వీడియోలు చూసి కంగారుపడిపోయి, సొంత సైటులో కీవర్డ్ ఉన్న లింకులన్నీ "ఇక్కడ చూడండి" అని మార్చినవాళ్లని చూశాను. అక్కర్లేని శిక్ష వేసుకున్నారు. లోపలి లింకుల్లో స్పష్టత ఉండాల్సిందే, తిరిగి మార్చేయండి.

ఇంకొందరు ఇరవై రకాల యాంకర్‌ల జాబితా తయారుచేసి, బయటి సైట్లకి వరసగా ఒక్కోటి పంపుతారు. ఒకే మాట కాదు కాబట్టి పట్టుబడమని ధీమా. ఇరవై మాటలూ అమ్మకపు మాటలే అయితే, అవి వచ్చిన సైట్లు అమ్ముడుపోయే సైట్లే అయితే, మాట మార్చినంత మాత్రాన ఏం మారింది? 2022 డిసెంబర్ నుంచి గూగుల్ లింకులు కొనే సైట్లనీ అమ్మడానికే నడిచే సైట్లనీ పట్టుకోవడానికి స్పామ్‌బ్రెయిన్ అనే తన ఏఐ వ్యవస్థని వాడుతోంది.

పోటీ సైటు యాంకర్‌ల శాతాలు టూల్‌లో చూసి మనకీ అలాగే కావాలనుకోవడం ఇంకొకటి. వాళ్ల ర్యాంకు ఆ శాతాల వల్ల వచ్చిందని ఎవరు చెప్పారు? వాళ్లకీ ఒక ఏజెన్సీ తగిలి ఉండొచ్చు.

శీర్షికలో ఉన్న మొత్తం మాటల్ని ప్రతిచోటా లింకుగా దించేయడం కూడా మానేయండి. ఒకటి రెండు చోట్ల, ముఖ్యంగా "ఇవి కూడా చదవండి" దగ్గర, పర్వాలేదు. వాక్యం మధ్యలో బరువైపోతుంది.

## 7. ఇప్పటికే చెడిపోయి ఉంటే

మొదట సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ మనుషులు చూసి సైటు మీద తీసుకున్న చర్యల పేజీ) తెరవండి. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

ఏమీ లేదని పచ్చ గుర్తు ఉంటే కంగారుపడకండి. 2016 సెప్టెంబర్‌లో వచ్చిన పెంగ్విన్ 4.0 (లింకుల మోసాల్ని పట్టే గూగుల్ అప్‌డేట్) నుంచి గూగుల్ చెడ్డ లింకుల కోసం సైటు మొత్తాన్ని తొక్కేయడం కంటే ఆ లింకుల విలువని లెక్కలోంచి తీసేయడం వైపు మళ్లింది. ఎక్కడివో తెలియని పిచ్చి లింకులు ప్రతి సైటుకీ ఉంటాయి, వదిలేయండి. మీరే డబ్బిచ్చి పెట్టించినవైతే మాత్రం తీయించే ప్రయత్నం చేయండి, రేపు నోటీసు వచ్చాక చేసేకంటే ఇవాళ చేయడం తేలిక.

అసహజ లింకుల నోటీసు ఉంటే వరస ఇది:

1. మూడో కుప్పలోని లింకులన్నీ షీట్‌లో వేరు చేయండి.
2. ఆయా సైట్లకి మెయిల్ రాయండి, లింకు తీసేయమని లేదా నోఫాలో పెట్టమని. మాట మార్చమని అడగొద్దు, మాట మార్చినా అది కొన్న లింకే.
3. ఎవరికి ఏ తేదీన రాశారో, జవాబేం వచ్చిందో షీట్‌లో పెట్టండి.
4. జవాబు రానివాటిని డిసావో ఫైలులో (ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి ఇచ్చే జాబితా) పెట్టండి. మామూలు టెక్స్ట్ ఫైలు, వరసకి ఒక చిరునామా. సైటు మొత్తాన్ని వద్దనాలంటే ముందు డొమైన్ అనే మాట, కోలన్, ఆ తర్వాత సైటు పేరు. మొత్తం 2 ఎంబీ, లక్ష వరసలు దాటకూడదు.
5. అప్‌లోడ్ చేసేటప్పుడు జాగ్రత్త, కొత్త ఫైలు పాతదాని స్థానంలోకి వస్తుంది, పాతదానికి కలవదు. డొమైన్ రకం ప్రాపర్టీలకు (సెర్చ్ కన్సోల్‌లో మీ సైటుని చేర్చుకున్న ఖాతాని ప్రాపర్టీ అంటారు) ఈ టూల్ పనిచేయదు, యూఆర్ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీ కావాలి.
6. తర్వాత రీకన్సిడరేషన్ రిక్వెస్ట్, అంటే మళ్లీ పరిశీలించమని గూగుల్‌కి పెట్టే అర్జీ. ఏం జరిగింది, ఏం తీసేశారు, ఇకముందు ఏం చేయరు, అన్నీ దాపరికం లేకుండా రాయండి. ఏజెన్సీని తిట్టుకుంటూ రెండు పేజీలు రాయకండి, చదివేవాళ్లకి కావాల్సింది మీ షీటు.

మా పిన్ని సైటుకి నోటీసు రాలేదు. అయినా ఆ పాతిక సైట్లకీ మెయిల్ రాశాను. కొందరు తీసేశారు, ఒకాయన తీయడానికి డబ్బులడిగాడు. ఇవ్వలేదు. డిసావో కూడా వాడలేదు. నోటీసు లేనప్పుడు, వచ్చే అవకాశమూ పెద్దగా లేనప్పుడు ఆ టూల్ ముట్టుకోకపోవడమే మంచిదని నా లెక్క, పొరపాటున మంచి లింకులు అందులో పడితే నష్టపోయేది మనమే.

ఒక నిజం ముందే చెప్పాలి: నోటీసు ఎత్తేసినా పాత ర్యాంకు వెంటనే రాదు, అసలు రాకపోవచ్చు కూడా. ఆ ర్యాంకులో కొంత ఈ కొన్న లింకుల వల్లే వచ్చి ఉంటే అది పోయినట్టే.

## 8. పబ్లిష్ నొక్కే ముందు, నెలకోసారి

☐ లింకులు మాత్రమే విడిగా చదివాను, ఎక్కడికి వెళ్తాయో తెలుస్తోంది
☐ వాక్యాన్ని గట్టిగా చదివితే లింకు దగ్గర నాలుక తడబడలేదు
☐ ఒకే మాట రెండు వేర్వేరు పేజీలకు వెళ్లడం లేదు
☐ విభక్తి లింకు లోపలే ఉంది
☐ లింకున్న బొమ్మలకు ఆల్ట్ ఉంది
☐ ఈ కొత్త పేజీకి పాత పేజీల్లో ఎక్కడో ఒకచోట నుంచైనా లింకు వేశాను

చివరిది ఎక్కువగా మర్చిపోతాం. కొత్త పేజీలోంచి పాతవాటికి లింకులు వేస్తాం కానీ పాతవాటిలోంచి కొత్తదానికి వేయం, అది ఊరి బయట కట్టిన ఇల్లులా మిగిలిపోతుంది.

మొదటి పరీక్షకి ఒక చక్కటి దారి ఉంది. విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ (తెర మీదది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వేసుకుని, ఇన్సర్ట్ కీతో ఎఫ్7 నొక్కండి, పేజీలో ఉన్న లింకులన్నీ జాబితాగా వస్తాయి. చూపు లేనివాళ్లు పేజీని చాలాసార్లు ఇలాగే వింటారు. మా హోమ్ పేజీలో మొదటిసారి విన్నప్పుడు "ఇంకా చదవండి" పన్నెండుసార్లు వచ్చింది.

నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో లింకు మాటల జాబితా దించుకుని పోయిన నెలదాని పక్కన పెట్టి చూడండి. మీకు తెలియని అమ్మకపు మాట ఒకటి హఠాత్తుగా పైకొస్తే ఎవరు పెట్టారో వెతకండి. ఇంట్లోవాళ్లని కూడా అడగండి, ఏజెన్సీల ఫోన్లు వాళ్లకే వస్తుంటాయి. లోపలి లింకులు దిద్దాక ఫలితం కోసం రోజూ చూడొద్దు, గూగుల్ ఆ పేజీని మళ్లీ చదవాలి కదా. అమ్మకాలు నడిచే రెండు మూడు పేజీలకు సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఇండెక్సింగ్ రిక్వెస్ట్ (పేజీని మళ్లీ చదవమని గూగుల్‌ని అడగడం) పెట్టి, మిగతావి వదిలేయండి.